నులకమంచం మీద ప్రకటించిన బంగారు పతకం

అంతర్జాతీయ ఈత పోటీల్లో ఎవరు గెలిచారో ప్రకటించే అధికారం నిర్వాహకులకే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇప్పుడు నేనూ అలాగే అనుకుంటున్నాను. కాని డిగ్రీ రెండో సంవత్సరం చదివే రోజుల్లో ఒక పొద్దున ఆ అధికారాన్ని నేనే తీసేసుకున్నాను. మా ఇంటి ముందర నులకమంచం మీద, నోట్లో బ్రష్ పెట్టుకుని కూర్చుని, ఒక బంగారు పతకం ప్రకటించేశాను. ఆ పతకం దెబ్బకు ఒక డీసీఎం బండి, ఒక బంతి తోట, ఒక దర్గా మొక్కు, చివరికి శంషాబాద్ విమానాశ్రయంలో డ్యూటీ చేసుకుంటున్న ఒక అమాయకుడు కూడా ఇరుక్కుపోయారు. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. నాకు కలిగినా బాగుండేదని మాత్రం ఆ రోజు చాలాసేపు అనిపించింది.

మా ఊరు శంషాబాద్‌కూ కొత్తూరుకూ నడుమ ఉంటుంది. విమానాలు మా చేను మీదుగానే దిగుతాయి. మా ఊళ్ళో ఎవరూ తల ఎత్తి వాటిని చూడరు. చుట్టాలొస్తే వాళ్ళు విమానాలను చూస్తారు, మేం వాళ్ళను చూస్తాం.

మా చెల్లి మౌనిక ఈత నేర్చుకుంది మా చేని దగ్గరి బావిలో. నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి నేర్పించింది మా బాపే. పిల్ల లంగా జాకెట్టుతో బావిలో దూకుతున్నంత కాలం ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. బడిలో పీఈటీ సార్ చూసి, సిటీలోని ఈత కొలను దాకా తీసుకెళ్ళి, అక్కడ వేసుకునే బట్టలు వేయించేసరికి ఇబ్బంది మొదలైంది. ఇబ్బంది పేరు మల్లేశ్ కాక. మా బాపుకు వరసకు తమ్ముడు. ఊళ్ళో జరిగే ప్రతి విషయం మీదా ఆయనకొక అభిప్రాయం ఉంటుంది. ఆ అభిప్రాయం మా అరుగు మీద కూర్చుంటేగాని ఆయనకు బయటికి రాదు.

"అన్నా, నీ మంచికే చెప్తున్న. ఆడపిల్ల గసొంటి బట్టలేసుకొని పదిమందిల నీళ్ళల్ల దుంకుడేంది? ఊళ్ళె ఏమంటున్నరో ఎర్కనా?"

"ఏమంటున్నరు?" అనేవాడు బాపు.

"గదే, నేను చెప్పిందే అంటున్నరు."

మౌనిక ఈదేదాన్ని ఇంగ్లీషులో బ్రెస్ట్ స్ట్రోక్ అంటారు. ఆ మాట బాపు ముందు పలికే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేదు. అందుకని ఇంట్లో దాన్ని కప్ప ఈత అనేవాళ్ళం. నిజానికి అది అలాగే ఉంటుంది కూడా. రెండు చేతులూ ఒక్కసారే ముందుకు చాపి పక్కలకు తొయ్యాలి, రెండు కాళ్ళూ ఒక్కసారే తన్నాలి. మౌనిక అన్ని రాష్ట్రాల పిల్లలను దాటి, దేశం తరఫున అంతర్జాతీయ పోటీకి ఎంపికైందని తెలిసినప్పుడు కూడా బాపు కొలను దగ్గరికి వచ్చి చూడలేదు. వెళ్ళే ముందు రోజు మాత్రం పెట్టె సర్దుకుంటున్న దాని పక్కన నిలబడి, మెల్లగా చెప్పాడు.

"బిడ్డా, ఇదే ఆఖరు. పదిమందిల తలెత్తుకునేటట్టు వస్తే సరే. లేకుంటే ఇగ ఈత బంద్. సక్కగ చదువుకో."

మౌనిక తల ఊపి పెట్టె మూసింది. ఈత బంద్ అయితే అది ఏమవుతుందో నాకు తెలుసు. నీళ్ళలోకి దిగని రోజున అది ఇంట్లో వాళ్ళందరితో పోట్లాడేది. అందులో ఎక్కువ భాగం నాతోనే.

పోటీ జరిగే దేశం మనకు తూర్పున ఉంది. వాళ్ళకు పొద్దెక్కేసరికి మనకు చాయ్ వేళ. నేను ఫోన్‌ను చెంబుకు ఆనించి, మంచం మీద కూర్చుని పెట్టాను. అమ్మ పిండి చేతులతోనే వచ్చి నిలబడింది. బాపు మందు కొట్టే పంపును విప్పి బాగు చేస్తున్నట్టు నటిస్తూ, ఫోన్ కనిపించేంత దూరంలో కూర్చున్నాడు. ఆ పంపు అంతకు ముందు రోజే బాగైంది.

"ఏది? మన పిల్ల ఏది?" అంది అమ్మ.

"గా నడుమ ఉన్నది. తెల్ల టోపీ."

"అందరియి తెల్ల టోపీలే గదనే!"

"మనదే కొంచెం ఎక్కువ తెలుపు అమ్మా, సూడు."

బాపు పంపు వదిలేసి దగ్గరికొచ్చాడు. "గా రెండు కొసలకు ఎవలు లేరేంది? ఖాళీ ఉన్నయి?"

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నాకు ఇంగ్లీషు వచ్చని బాపు నమ్మకం. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకు ప్రపంచంలో అన్నీ తెలుస్తాయని కూడా ఆయన నమ్మకం. మొదటి నమ్మకమే అంతంత మాత్రం. రెండోదాన్ని ఖండించాల్సింది. ఖండించలేదు.

"మన మౌనికకు భయపడి రాలేదు బాపు" అన్నాను.

బాపు గంభీరంగా తల ఊపాడు.

ఈల మోగింది. అందరూ దూకారు. అంతలో నెట్ ఆగిపోయింది. ఫోన్‌లో మౌనిక నీళ్ళ కిందే ఉండిపోయింది.

"అయ్యో, ఊపిరి! పిల్ల ఊపిరి!" అని అమ్మ కేక వేసింది.

"అది నెట్ అమ్మా!"

"ఏదైతేంది, పైకి తియ్యిమను!"

నెట్ కరుణించింది. మళ్ళీ కదిలేసరికి మౌనిక అవతలి గోడ తాకి వెనక్కి తిరిగింది. దాని పక్క వరసలో పిల్ల తల కూడా సరిసమానంగా లేస్తోంది, మునుగుతోంది. బాపు చెయ్యి మంచం కోడును పట్టుకుంది. చివరికి వచ్చేసరికి మౌనిక రెండు చేతులూ చాపి గోడను తాకింది. అందరికంటే ముందు. నా కళ్ళతో నేను చూశాను. కోర్టులో అయినా ఇదే చెబుతాను.

"గోల్డ్!" అని అరిచి మంచం మీద లేచి నిలబడ్డాను. నులక ఒక చోట తెగింది. "గోల్డ్ మెడల్ బాపు! బంగారం! ఫస్ట్ వచ్చింది!"

అమ్మ పిండి చేతులతోనే నా మొహం పట్టుకుని ముద్దు పెట్టింది. బాపు ఇంకా ఫోన్ వైపే చూస్తున్నాడు. అందులో ఇంకో గుంపు అమ్మాయిలు వచ్చి వరసగా నిలబడ్డారు.

"మళ్ళ ఎవలో వస్తున్నరు. మన పిల్ల గెల్చినంక గూడ ఇంక ఈదుడేంది?"

ఒక్క క్షణం ఆలోచించాను. అంతే. ఎక్కువ ఆలోచించే అలవాటు అప్పట్లో లేదు.

"సెకండ్, థర్డ్ కోసం ఈదుతున్నరు బాపు."

"పాపం" అంది అమ్మ. "గింత పొద్దుగాల ఏమన్న తిన్నరో లేదో."

డేటా అయిపోతుందని ఫోన్ ఆపేశాను. ఇంకాసేపు అలా వదిలేసి ఉంటే ఆ తెర మీదే అందరి పేర్లూ, అందరి టైములూ వచ్చేవి, నాకు వచ్చిన ఆ కొద్ది ఇంగ్లీషుకు కూడా అర్థమయ్యేవి, మీకు ఈ కథ చదివే శ్రమ తప్పేది.

బాపు గొంతు పెంచడం నేను అంతవరకు చేన్లో పడ్డ అడవి పందులను తరిమేటప్పుడే విన్నాను. ఆ రోజు బజారు మధ్యకు నడిచి, మల్లేశ్ కాక ఇంటి ముందు నిలబడి, "మల్లేశా! మౌనికకు బంగారం వచ్చిందిరా!" అని కేక పెట్టాడు. కాక చాయ్ గ్లాసుతో బయటికొచ్చాడు. ఒక గుటక మింగాడు. ఆ గుటకలోనే ఆయన అభిప్రాయం మారిపోయింది.

"నేను మొదట్నుంచి చెప్తనే ఉన్న గద అన్నా, ఆ పిల్ల మామూలు పిల్ల కాదని!"

ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు. కాక ఆ సాయంత్రానికే కొత్తూరు పోయి ఫ్లెక్సీకి చెప్పొచ్చాడు. అందులో మౌనిక బడి ఫోటో ఒక మూలన, ఎక్కడినుంచో తెచ్చి అతికించిన బంగారు పతకం మధ్యన, చేతులు జోడించిన మల్లేశ్ కాక మిగతా స్థలమంతా ఉన్నారు. అమ్మ మర్నాడే ఆటో కట్టించుకుని పహాడీ షరీఫ్ దర్గాకు పోయి, మెట్లెక్కి చాదర్ సమర్పించి వచ్చింది. మొక్కు విషయంలో ఆలస్యం చెయ్యకూడదంది. తీర్చేసిన మొక్కును వెనక్కి ఎలా అడగాలో మా ఇంట్లో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. బాపు పండక్కి అమ్ముదామని కాపాడుకుంటూ వస్తున్న బంతి తోటలోకి దిగి, విచ్చినవీ విచ్చనివీ అన్నీ కోసేశాడు. ఎందుకు బాపు అన్నీ అంటే, "బంగారం తెచ్చిన పిల్లకు మొగ్గ, పువ్వు అని లెక్క చూస్తమా?" అన్నాడు. తన బిడ్డ పేరు చెప్పి ఆయన అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నాకు కన్నీళ్ళొచ్చాయి. ఆ నవ్వు నేనే తెప్పించానని గర్వంగా కూడా ఉంది.

మౌనికతో మాట్లాడదామంటే, పోటీలయ్యేదాకా పిల్లల ఫోన్లు కోచ్ సార్ దగ్గరే ఉంటాయి. రెండో రోజు దానికి ఫోన్ దొరికింది.

"అక్కా, అయిపోయింది" అంది. గొంతు నీరసంగా ఉంది.

"తెలుసు. మేం చూసినం!"

"చూసిండ్రా? బాపు గూడ చూసిండా?"

"నా పక్కనే నిలబడి చూసిండు."

"ఏమన్నడు?"

"ఏమంటడే? మస్తు ఖుష్ అయిండు. ఊరంత తిరిగి చెప్పిండు. ఏర్‌పోర్టుకు అందరం వస్తున్నం. డప్పులు గూడ మాట్లాడినం."

"డప్పులా? నాకా?"

"మరి నాకా?"

"బాపు నిజంగనే కోపం చెయ్యలేదా అక్కా?"

"కోపమెందుకే పిచ్చిదానా!"

అది వెక్కి వెక్కి ఏడ్చింది. గెలిచినవాళ్ళు ఏడవడం టీవీలో చాలాసార్లు చూశాను కాబట్టి నాకే అనుమానమూ రాలేదు. "ఏడ్వకు, మంచిగ తిను, మెడల్ జర భద్రం" అని చెబుదామనుకునే లోపల ఫోన్ పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఊరు ఊరంతా డీసీఎం ఎక్కింది. మా విమానాశ్రయం మా నెత్తి మీదే ఉన్నా, అందులోకి అడుగు పెట్టినవాళ్ళు మా ఊళ్ళో తక్కువ. డీసీఎంను దూరంగా పార్కింగులోనే ఆపించారు. అక్కడినుంచి డప్పులు, ఫ్లెక్సీ, బంతిపూల గంపలు మోసుకుంటూ, చక్రాల పెట్టెలు లాక్కునే జనం మధ్యలోంచి బయటికొచ్చే ద్వారం దాకా నడిచాం. అక్కడ యూనిఫాం వేసుకున్న ఒక గార్డు ఎదురొచ్చాడు. మాట తీరు చూస్తే ఆంధ్రా వైపు మనిషి.

"ఏమండీ, ఎవరండీ మీరంతా? ఇక్కడ డప్పులు వాయించకూడదండీ. దయచేసి వెనక్కి వెళ్ళండి."

"సారూ, మా పిల్లకు బంగారం వచ్చింది" అన్నాడు మల్లేశ్ కాక.

"బంగారమైతే కస్టమ్స్ వాళ్ళకు చెప్పుకోవాలండీ."

"గా బంగారం కాదు సారూ! మెడల్! ప్రపంచమంత ఈత కొడ్తే మా పిల్ల ఫస్ట్ వచ్చింది."

కాక ఫ్లెక్సీ విప్పి చూపించాడు. గార్డు చాలాసేపు చదివాడు. ఆయన మొహం మెత్తబడుతోంది. ఆ సమయంలోనే నా ఫోన్ మోగింది. కోచ్ సార్.

"దిగామమ్మా. సామాన్లు వస్తున్నాయి. ఇంకాసేపట్లో బయటికొస్తాం."

"సార్, ఒక్క రిక్వెస్టు. మెడల్ మెడల ఏస్కొనే బయటికి రమ్మనండి. ఫోటోలకు మంచిగుంటది."

"ఏ మెడలమ్మా?"

"గదే సార్. బంగారం."

కోచ్ సార్ ఊపిరి పీల్చుకోవడం స్పష్టంగా వినిపించింది. "అమ్మా, తను గెలిచింది హీట్. అంటే మొదటి వడపోత. గుంపులు గుంపులుగా ఈదిస్తారు. అందరి టైములూ పక్కపక్కన పెట్టి చూసి, వేగంగా వచ్చిన పదహారు మందిని తర్వాతి దశకు తీసుకుంటారు. వాళ్ళలో మనమ్మాయి లేదు. మొదటి గుంపులో ఎప్పుడూ కొంచెం నెమ్మదైన వాళ్ళనే పెడతారు. అందుకే చూడండి, రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి."

"భయపడి కాదా సార్?"

"ఎవరికి భయపడి?"

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"కాని ఒక మాట. తన జీవితంలో ఇంత వేగంగా ఎప్పుడూ ఈదలేదు. అది చిన్న విషయం కాదు. ఇంటికొచ్చాక ఇంట్లో నెమ్మదిగా చెప్పండి" అని సార్ ఫోన్ పెట్టేశాడు.

నెమ్మదిగా చెప్పడానికి నా ముందు మొత్తం ఊరు నిలబడి ఉంది. మధ్యలో బాపు, ఇస్త్రీ చొక్కాలో, తన చేతులతో గుచ్చిన దండ పట్టుకుని. లేకుంటే ఈత బంద్ అన్న బాపు. ఇప్పుడు నిజం చెబితే చెల్లి ఈత ఇక్కడే, ఈ గుమ్మం ముందే ఆగిపోతుంది. చెప్పకపోతే ఇంకాసేపట్లో అదే బయటికొచ్చి చెబుతుంది.

ముందు బాపు దగ్గరికే వెళ్ళాను.

"బాపు, మనం ఇంటికి పోదామా? పిల్ల ఇంటికే వస్తది గద."

"ఎందుకు?"

"ఎండ మస్తున్నది."

"ఎండ మనకు కొత్తనా?"

అమ్మ నా నుదురు పట్టుకుని చూసింది. జ్వరం లేదని తేల్చుకుని, బిడ్డ మీది బెంగ అని నిర్ణయించుకుంది. ఇక మిగిలింది గార్డు. అప్పటిదాకా మేమంతా లోలోపల తిట్టుకుంటున్న గార్డు ఒక్కసారిగా నాకు దేవుడిలా కనిపించాడు. పక్కకు పోయి చేతులు జోడించాను.

"సార్, మీరన్నది కరెక్టే. ఇక్కడ డప్పులు కొట్టకూడదు. మమ్మల్ని అందర్ని ఎల్లగొట్టండి సార్. జర గట్టిగ ఎల్లగొట్టండి."

ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"లేదమ్మా. నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు. దేశానికి బంగారం తెచ్చిన బిడ్డ. రెండు నిమిషాలు వాయించుకోండి. ఎవరైనా అడిగితే నేను చూసుకుంటాను."

నా జీవితంలో దయ గల మనిషి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

చివరి ప్రయత్నంగా, ఫ్లెక్సీ మీద 'బంగారు పతకం' అన్న అక్షరాలకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను.

"జర పక్కకు జరుగు బిడ్డా" అన్నాడు మల్లేశ్ కాక. "నా ఫోటో కనిపిస్తలేదు."

తలుపులు తెరుచుకున్నాయి. మౌనిక బండి తోసుకుంటూ బయటికొచ్చింది. డప్పు కొట్టే యాదగిరి అన్న చెయ్యి లేచింది. ఆ శబ్దానికి లోపలినుంచి వచ్చేవాళ్ళంతా ఆగిపోయారు. దండలు ఒకదాని మీద ఒకటి పడి చెల్లి మొహంలో కళ్ళు మాత్రమే మిగిలాయి. ఆ కళ్ళనిండా నీళ్ళు. అది సంబరపడిపోతోంది. ఓడిపోయి వచ్చినా ఇంత మంది వచ్చారే అని సంబరపడిపోతోంది. ఆ సంగతి అక్కడ తెలిసింది నాకొక్కదానికే.

"ఏది బిడ్డా, బంగారం చూపెట్టు!" అన్నాడు కాక.

"ఏ బంగారం కాకా?"

అప్పుడు దాని చూపు ఫ్లెక్సీ మీద పడింది. పతకాన్ని చూసింది. కాకను చూసింది. తర్వాత నన్ను వెతుక్కుంది. నేను పూలగంప వెనకాల ఉన్నాను.

"అక్కా. బాపు అంత చూసిండు అన్నవ్ గద? నువ్వేం చెప్పలేదా?"

"చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

డప్పు ఆగిపోయింది. యాదగిరి అన్న చేతిలో పుల్ల గాలిలోనే ఉంది. మౌనిక ఇక నా వైపు చూడలేదు. దండలన్నీ ఒక్కొక్కటే తీసి బండి మీద పెట్టి, బాపు ముందుకొచ్చింది.

"బాపు, నాకు మెడల్ రాలే. నా గుంపుల నేనే ఫస్ట్ వచ్చిన గాని, మిగతా గుంపులల్ల పిల్లలు నాకంటే మస్తు జోరుగ కొట్టిండ్రు. రెండో ఆటకు గూడ నన్ను తీసుకోలే."

ముందుగా తేరుకుంది మల్లేశ్ కాకే.

"ఇజ్జత్ పాయె అన్నా! ఊళ్ళె ఏమని చెప్తం ఇగ? నేను మొదట్నుంచి చెప్తనే ఉన్న, ఆడపిల్లకు ఈత ఎందుకని!"

"పోతే నా ఇజ్జత్ పోయింది. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?" అన్నాడు బాపు, ఆయన వైపు చూడకుండానే.

మౌనిక బాపు ముందుకు ఇంకో అడుగు వేసింది. "ఇదే ఆఖరు అన్నవ్ గద బాపు. తలెత్తుకునేటట్టు రాలే నేను. ఇగ బంద్ చెయ్యాల్నా?"

నేను నోరు మూసుకుని ఉంటే ఈ మాట అది ఇంట్లో, నలుగురి మధ్యన, అమ్మ పక్కన కూర్చుని అడిగేది. ఇప్పుడు ఊరి ముందు, ముక్కూ మొహం తెలియని ప్రయాణికుల ముందు, మెడకు అంటిన బంతి రేకులతో అడుగుతోంది. దాన్ని వాటేసుకుని ఏడవాలనిపించింది. పూలగంప వెనకాలే ఉండిపోయాను.

బాపు దాన్నే చూస్తున్నాడు. "నేను ఫోన్ల చూసింది నిజమేనా? గోడకు అందరికంటె ముందు నువ్వే తాకినవా?"

"తాకిన బాపు. గది నిజమే."

"పోయినసారి కంటె జోరు కొట్టినవా?"

"నా అంతల నేను గంత జోరు ఎన్నడు కొట్టలే."

"ఊఁ" అన్నాడు బాపు. "అయితే బంద్ చెయ్యాల్సిందే."

మౌనిక తల వంచుకుంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు చెయ్యి చాపాడు. చెల్లి వైపు కాదు, నా వైపు.

"ఫోన్ ఇటు తే."

"బాపు..."

"తే అంటున్న. నీళ్ళల్ల దుంకిన బిడ్డ ఉన్నదున్నట్టు చెప్పింది. మంచంల కూసున్న బిడ్డ బంగారం తెచ్చింది. నా ఇంట్ల ఒకటి బంద్ చెయ్యాలంటే గది నీ నోరు."

ఊరంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. గార్డు కూడా. నా ఫోన్ బాపు జేబులోకి పోయింది. మౌనిక ఏడుస్తూనే నవ్వుతోంది, నవ్వుతూనే ఏడుస్తోంది. నేనైతే ఏడవడం ఒక్కటే చేశాను. అందులో సిగ్గు సగం, గండం గడిచిందన్న సంతోషం సగం.

"కొట్టాల్నా అన్నా, ఆపాల్నా?" అన్నాడు యాదగిరి అన్న, చెయ్యి నొప్పి పుట్టి.

"కొట్టు. ఇన్ని పూలు కోసినంక మళ్ళ చెట్లకు అతికిస్తమా?" అని బాపు తన చేతిలోని దండను అప్పుడు వేశాడు మౌనిక మెడలో.

గార్డు దగ్గరికొచ్చాడు. "అంటే, పతకం లేదాండీ?"

"లేదు సార్" అన్నాను.

"అయితే రెండు నిమిషాలైపోయాయి. బయల్దేరండి."

తిరుగు ప్రయాణంలో ఫ్లెక్సీ పారేద్దామన్నారు. మల్లేశ్ కాక ఒప్పుకోలేదు. ఎంతైనా ఆయన ఫోటో ఉంది కదా. చివరికి పతకం మీదుగా బంతిపూల దండలు వేలాడదీసి, డీసీఎంకు కట్టుకుని ఊళ్ళోకి వచ్చాం. చూసినవాళ్ళకు అది మౌనిక స్వాగతమో, కాక పెళ్ళిరోజో అర్థం కాలేదు. ఊళ్ళోకి రాగానే కాక కొత్త అభిప్రాయం ప్రకటించాడు: ప్రపంచం మీద ఒక గుంపునంతా ఓడించడం మామూలు విషయమా అని. తను మొదట్నుంచి చెబుతూనే ఉన్నాడట.

మరుసటి వారం మౌనిక మళ్ళీ కొలనుకు పోయింది. ఈసారి సిటీ బస్సు దాకా దింపి రావడానికి బాపు వెంట వెళ్ళాడు. తనూ బస్సెక్కి పోయి, మొదటిసారి కొలను చూసి వచ్చి, "నీళ్ళు మస్తు తెల్లగున్నయి, అడుగు కనిపిస్తది" అని అమ్మకు చెప్పాడు. నా ఫోన్ మాత్రం చాలా రోజులు ఆయన జేబులోనే ఉంది. ఎవరైనా నాకు ఫోన్ చేస్తే, "ఆమె నోరు బంద్ ఉన్నది" అని ఆయనే పెట్టేసేవాడు. నా స్నేహితురాళ్ళు నాకేదో గొంతు జబ్బు వచ్చిందని పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చారు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఈత పోటీనైనా సరే, నీళ్ళలోంచి ఆఖరి మనిషి బయటికొచ్చి, తుడుచుకుని, బట్టలు మార్చుకుని, ఇంటికి పోయి, అన్నం తిని, కొలను ఊడ్చే మనిషి దీపాలు ఆర్పేదాకా నేను ఫలితం ప్రకటించను. అంతవరకు మీ చెల్లి ఎన్నో స్థానంలో వచ్చిందని ఎవరడిగినా నా దగ్గర ఒక్కటే జవాబు ఉంటుంది, అది కోచ్ సార్‌ను అడిగి, బాపును అడిగి, మౌనికను కూడా అడిగి ఖాయం చేసుకున్న జవాబు: ఈదుతోంది.